తలకట్టు లేని అక్షరాలు

నాకు ఇంగ్లీషు నేర్పింది తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్ బోర్డు. మా నాన్నగారి కిరాణా కొట్టు స్టేషన్‌కి ఎదురుగానే ఉండేది. కొట్టు అరుగు మీద కూర్చుంటే కంచెకి అవతల, ప్లాట్‌ఫారం చివరనున్న ఆ బోర్డు స్పష్టంగా కనబడేది. తెలుగులో ఆరక్షరాల మా ఊరు ఇంగ్లీషులోకి దిగేసరికి పద్నాలుగు అక్షరాలయ్యేది. ఈ దొరలకి ఎంత తీరికో అనుకునేవాణ్ణి. బేరాల్లేని మధ్యాహ్నాలు ఆ రెండు వరసల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలుచుకునేవాణ్ణి. మన ‘తా’కి వాళ్ళవి రెండు, ‘డే’కి మరో రెండు. ‘ల్లి’ దగ్గరకొచ్చేసరికి మనం ఒక్క ఒత్తుతో పోనిచ్చినదానికి వాళ్ళు అదే అక్షరం రెండుసార్లు రాసుకున్నారు. పాపం, వాళ్ళకి ఒత్తులు లేవన్నమాట అని జాలిపడ్డాను కూడా.

ఆ చదువు ఏలూరు పాసింజరు బండిలో బాగానే సాగింది. పూళ్ళ, భీమడోలు, దెందులూరు, ఒక్కో స్టేషన్ రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి బోర్డుని ముక్కలు చేసి గట్టిగా చదివేవాణ్ణి. ఎదుటి బెంచీ వాళ్ళు మెచ్చుకునేవారు. ఏలూరు హైస్కూల్లో చేరాక తెలిసింది, ఇంగ్లీషు భాషంటే స్టేషన్ పేర్లు మాత్రమే కాదని. అక్కడ అక్షరం ఉంటుంది, పలకదు. ఎందుకుందో ఎవరూ చెప్పరు. తెలుగువాడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. మనకి రాసిన అక్షరాన్ని పలక్కపోవడమంటే విస్తట్లో వడ్డించింది వదిలేసి లేవడమే. నేను ఏదీ వదిలేవాణ్ణి కాదు. ఊరికే కూర్చున్న అక్షరాలన్నిటికీ పని చెప్పి మరీ చదివేవాణ్ణి. మా ఇంగ్లీషు మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు, క్లాసంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండిపోయేది. తప్పు చదివినవాడిదా, రాసినవాడిదా?

ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ముఖం చూసి మనిషిని గుర్తుపట్టినట్టు మాటని ఒక్క చూపులో పట్టేస్తారు. నాకు ముందు ముక్కముక్కగా చెవిలో మోగాలి, ఆ తర్వాతే అర్థమవుతుంది. అందుకని ఇంగ్లీషు పేపరు చదువుతుంటే నా పెదవులు కదులుతాయి. మా ఆవిడ చూసి, “జపం అయ్యాక చెప్పండి, కాఫీ తెస్తాను” అంటుంది. మన అక్షరాలు దిద్దిన చెయ్యీ, మన అక్షరాలకి అలవాటుపడిన కన్నూ పరాయి అక్షరాల దగ్గరికి వెళ్ళినప్పుడు ఖాళీగా వెళ్ళవు. ఇల్లు మారినవాళ్ళలాగా సామానంతా వెంట పెట్టుకునే వెళ్తాయి. ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది కొల్లేట్లో.

యాభైల చివర్లో, ఏలూరులో మేష్టరు ట్రైనింగ్ పూర్తయ్యాక నన్ను ఒక కొల్లేటి లంకలో చిన్న స్కూలుకి వేశారు. చేపల గంప ఎదురైతే ముక్కు మూసుకుని నడిచే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆర్డరు చూసి మా అమ్మ ఒకటే ఏడుపు. లంకంటే చుట్టూ నీళ్ళు, మధ్యలో కాస్త మెరక, మెరక మీద పాకలు. మెట్ట ఊళ్ళలో ఇంటి ముందు బండి ఉన్నట్టు అక్కడ ప్రతి ఇంటి ముందూ దోనె ఉండేది. తాటి మొద్దుని తొలిచి చేసిన దోనె అది. బరువు మొయ్యాలంటే రెండింటిని జోడించి కట్టి, గెడకర్రతో తోసుకుంటూ పోయేవారు. వారం తిరిగేసరికి ఆ ఊరి వాసన నాకు తెలియడం మానేసింది. నెల తిరిగాక సెలవుకి ఇంటికి వెళితే మా అమ్మ నన్ను చూసి ముక్కు మూసుకుంది.

స్కూలు ఐదో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే దోనె మీద గట్టు చేరి, అక్కణ్ణించి నడిచి పోవాలి. మగపిల్లలు ఒకరిద్దరు వెళ్ళేవారు, వానలు పట్టగానే మానేసేవారు. ఆడపిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఊరివాళ్ళు ఆరో తరగతి ఇక్కడే కావాలని ఏలూరు వెళ్ళి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారిని అడిగారు. ముందు నడిపి చూపించండి, నేనొచ్చి చూస్తాను, పిల్లలు ఇంగ్లీషు చదవగలిగితే మంజూరు చెయ్యమని పైకి రాస్తాను, లేకపోతే లేదు అన్నారట ఆయన. ఊరివాళ్ళు మర్నాడే తాటాకు పాక ఒకటి లేపేశారు. ఇంగ్లీషు చెప్పే పని నా నెత్తిన పడింది. “స్టేషన్ పక్కన పెరిగావు, నీకు కాక ఇంకెవరికొస్తుందయ్యా” అన్నారు మా పెద్ద మేష్టారు.

ఆరో తరగతిలో చేరిన కొద్దిమందిలో ఒక అమ్మాయి ఉండేది. పన్నెండేళ్ళుంటాయి. తెలుగు వాచకం ఆ పిల్ల చదువుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి వినేవారు. వాళ్ళ నాన్న ఊరి దోనె నడిపే మనిషి. చేపల గంపల్నీ, పెళ్ళివారినీ, నాలాంటి మేష్టర్లనీ గట్టుకీ లంకకీ తిప్పేది అతనే. క్లాసు మొదలైన రోజునే వచ్చి నాతో సంగతి తేల్చేశాడు.

“ఏవండీ మేష్టారూ, ఆరో తరగతి ఇక్కడుంటే మా పిల్ల చదువుద్దండి. ఎంతవరకుంటే అంతవరకూ చదువుద్దండి. గట్టుకి మాత్రం పంపనండి. నేను తెల్లారకుండా నీళ్ళ మీదికి పోతాను. దీన్ని దింపేదెవరండి, మళ్ళీ ఎక్కించుకొచ్చేదెవరండి?”

“ఎందుకుండదండీ, తప్పకుండా ఉంటుంది” అన్నాను.

“ఉంటే మంచిదేనండి. లేదంటే వలలు అల్లుకుంటాదండి. అదేం తప్పు పని కాదు కదండీ.”

అతను కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. ఉన్నమాట చెప్పాడు. పిల్ల అతని వెనకాల నిలబడి నా ముఖమే చూస్తోంది. ఆ చూపుతో నాకు భయం పట్టుకుంది. ఆరో తరగతి రాకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. వస్తుందో రాదో నేను చెప్పే ఇంగ్లీషు మీద ఉంది. నా ఇంగ్లీషు ఎలాంటిదో నాకు తెలుసు.

మంజూరు కాని క్లాసుకి పుస్తకాలివ్వరు, నల్లబల్ల కూడా ఇవ్వరు. ఏలూరు పుస్తకాల కొట్లో ఆరో తరగతి ఇంగ్లీషు వాచకం ఒకే ఒక్కటి మిగిలుంది. మిగతావి వచ్చాక పంపిస్తానండి అన్నాడు కొట్టాయన. ఆ ఒక్కదాన్నే తడవకుండా కండువాలో చుట్టి తెచ్చుకున్నాను. పాక మధ్యలో ఒక చేపల గంప బోర్లించి, దాని మీద పుస్తకం తెరిచి పెట్టాను. గంపకి ఒకవైపు పీట మీద నేను. నా పక్కన ఇద్దరు, అటూ ఇటూ కొందరు, సరిగ్గా నాకెదురుగా ఆ అమ్మాయి. ఏదైనా రాసి చూపించాలంటే గంప పక్కన నేల మీద ఇసక పోసి వేలితో రాసేవాణ్ణి.

మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆఖరిదాకా అక్కడే. వాళ్ళు దోనెల్లో పెరిగిన పిల్లలు. దోనెలో ఎవరి చోటు వాళ్ళదే. ఒకడు లేచి ఇంకొకడి చోటుకి పోయాడంటే దోనె ఒరుగుతుంది, అందరూ నీళ్ళలో ఉంటారు. నడక సరిగ్గా రాకముందే వాళ్ళకి వచ్చే బుద్ధి అది, నేల మీద కూర్చున్నా పోదు. ఒకరోజు జ్వరమొచ్చి ఒకడు రాకపోతే ఆ ఖాళీలోకి పక్కవాడు జానెడు కూడా జరగలేదు. ఎంత క్రమశిక్షణో అని నేను మురిసిపోయాను.

“ఇంగ్లీషంటే భయపడకండర్రా” అని మొదటి రోజే ఊదరగొట్టాను. “మన అక్షరాలు నేర్చినవాళ్ళకి ఇదెంత? గుణింతం లేదు, ఒత్తుల్లేవు, నెత్తిన తలకట్టు లేదు. ఇరవయ్యారు అక్షరాలు, అంతే.”

“మరి పెద్దవి వేరే, చిన్నవి వేరే ఉన్నాయేంటండీ?” అన్నాడు ఒకడు.

“ఒకటి పండక్కి, ఒకటి రోజూ వాడుకోడానికి” అన్నాను. వాడు తృప్తిగా తలూపాడు.

నాకు తెలిసిన ఇంగ్లీషు చదువు స్టేషన్ బోర్డు చదువే. అదే చెప్పాను. హల్లు పక్కన అచ్చు పెట్టి గుణింతంలా వల్లె వేయించాను. మనం క, కా, కి, కీ అని ఏ రాగంలో పాడతామో అదే రాగంలో ఇంగ్లీషు ముక్కలు కూడా. ఆ పాటకి పాక వెనక మడుగులో కొంగలు లేచిపోయేవి. ఇంగ్లీషు దొర ఎవరైనా విని ఉంటే ఆయనా లేచిపోయేవాడు. అయితే ఒక మాట. ఆ పిల్లలు కొత్త మాట కనబడితే వెనకాడేవారు కాదు. అర్థం తెలియకపోయినా సరే, ముక్కలు చేసి, కలిపి, పలికేసేవారు. సగం తప్పే కావచ్చు. అక్షరమంటే శబ్దమని నమ్మినవాడు తెలియని మాట ముందు నోరెళ్ళబెట్టుకుని కూర్చోడు. మన పిల్లల బలం అదేనని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే.

అందరిలోకీ ఎదుటి అమ్మాయిదే పైచెయ్యి. నేను వేలు పెట్టి చూపించేలోపే వరస చదివేసేది. పలక మీద రాసి, అలాగే గంప మీంచి నాకేసి చాపేది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. రాసేటప్పుడు మాత్రం చెయ్యి ఏదో వింతగా, కుడి నుంచి ఎడమకి పోతున్నట్టుండేది. ఎడమచేతి వాటం కాబోలు, బలవంతాన కుడిచెయ్యి అలవాటు చేశారు కాబోలు అనుకున్నాను. ఇలాంటి పిల్లలు నలుగురుంటే చాలు, నన్ను ఏలూరుకి వెయ్యమని అడగొచ్చునని కూడా అనుకున్నాను.

వానలు వెనకబట్టాక కబురొచ్చింది, ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని. ఊరంతా పాక చుట్టూ అలికి ముగ్గులు పెట్టారు. ఉదయం నేను రేవులో నిలబడ్డాను. పిల్ల తండ్రే ఆయన్ని గట్టు నుంచి తీసుకొస్తున్నాడు. దోనె దగ్గర పడేకొద్దీ ఆయన రాతిబొమ్మలా బిగుసుకుని కూర్చుని ఉండడం, ఒళ్ళో ఒక పెద్ద కట్ట ఉండడం కనబడ్డాయి.

“బాబుగారూ, ఆ కాలు కాస్త అక్కడే ఉంచండి. అయిపోయిందండి, వచ్చేశామండి” అంటున్నాడు పిల్ల తండ్రి.

“దారంతా ఇదే మాటయ్యా” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు నన్ను చూసి. “ఊపిరి కూడా ఆయన్ని అడిగే పీల్చాను. ఇదిగో, మీ సామాను మీరు తీసుకోండి.”

కట్టలో ఉన్నవి ఇంగ్లీషు వాచకాలు. ఆయన ఎలాగూ అటే వెళ్తున్నారని ఏలూరు కొట్టాయన ఆ పొద్దున్నే ఆయనకి అప్పగించాడు. దోనె అడుగున నీళ్ళూరుతుంటాయి కాబట్టి కింద పెట్టే వీల్లేక ఒళ్ళో మోసుకొచ్చారు. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్లకో పుస్తకం. సరిగ్గా ఈ రోజునే. దేవుడు ఏలూరులో పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడనిపించింది.

పాకలోకి రాగానే ఆయన గంపని పక్కకి జరిపించి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టమన్నారు. కట్ట విప్పి ఒక్కొక్కరికీ తన చేత్తోనే పుస్తకం ఇచ్చారు. పిల్లలు కొత్త పుస్తకాలు వాసన చూశారు. ఆవు బొమ్మ ఉన్న పాఠం తియ్యమన్నారు ఆయన. వాళ్ళకి అది కొట్టిన పిండి. బాగా చదివేదెవరని అడిగితే నేను గర్వంగా ఆ అమ్మాయిని చూపించాను.

పిల్ల లేచి నిలబడింది. ఆవు బొమ్మ కేసి చూసింది. బొమ్మ కింద ఉన్న వరసల కేసి చూసింది. నోరు తెరిచింది, మూసుకుంది. పేజీ ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. ముఖంలో రక్తం లేదు. తన ఇంట్లోకే వచ్చి, అక్కడ వేరే ఎవరో కాపురం ఉంటే చూసినట్టు చూస్తోంది.

“చదవమ్మా, భయం లేదు” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

చదవలేదు. ఆయన కాసేపు చూసి, పక్కనున్న కుర్రాణ్ణి చదవమన్నారు. వాడు తల పూర్తిగా భుజం మీదికి వాల్చేసి, మెడ పట్టేసినవాడిలా నిలబడి, తడుముకుంటూ చదివాడు. తరవాతవాడు రెండో భుజం మీదికి వాల్చాడు. నా పక్కన కూర్చునే కుర్రాడొక్కడు తిన్నగా నిలబడి తిన్నగా చదివాడు. ఇన్‌స్పెక్టరుగారు వాళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, నావైపు ఒక చూపు చూసి, జేబులోంచి పెన్ను తీశారు.

పాక గుమ్మంలో పిల్ల తండ్రి గెడకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు తెలియదు కానీ కూతురి ముఖం తెలుసు.

“పర్లేదులేమ్మా” అన్నాడు మెల్లగా. “ఇలా వచ్చెయ్. ఇంటికి పోదాం.”

పిల్ల అటు వెళ్ళలేదు. పుస్తకాన్ని చేతుల్లో నెమ్మదిగా తిప్పసాగింది. ఆవు పక్కకి ఒరిగింది, ఇంకా ఒరిగింది, కాళ్ళు ఆకాశంలోకి వెళ్ళాయి. అప్పుడు ఒక్కసారిగా పిల్ల ముఖం తేటపడింది. కుడివైపు మొదట్లో వేలు పెట్టి, ఎడమకి జరుపుకుంటూ, పాఠం మొత్తం గడగడా చదివేసింది. అది చూసి మెడలు వాల్చిన కుర్రాళ్ళిద్దరూ చెరోవైపుకీ తమ పుస్తకాలు తిప్పేసుకున్నారు.

“ఏమిటయ్యా ఇది?” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన గొంతు మారింది. “పుస్తకం తలకిందులుగా పట్టుకుని అప్పజెబుతోంది. మొత్తం బట్టీ పట్టించారా?”

ఆ క్షణంలో నాకూ అదే అనుమానం వచ్చింది. ఆయన వంగి, పుస్తకాల కట్ట చుట్టిన పాత ఇంగ్లీషు పేపరు తీసి, మడతలు సాపుచేసి, పిల్లకిచ్చారు. ఏదీ, ఇది చదువు అన్నారు.

పిల్ల ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “దీనికి తల ఎటండీ?” అని అడిగింది.

ఆయన చూపించారు. పిల్ల దాన్ని సరిగ్గా తలకిందులు చేసి పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని మాటలు. ఒక్కోదాన్నీ ముక్కలు చేసి, గుణింతం రాగంలో కలిపి, ఊరికే కూర్చున్న అక్షరాలకి కూడా నాలాగే పని చెబుతూ, ఎక్కడా ఆగకుండా పోతోంది. ఒక మాట దగ్గర ఆయన ఆపారు.

“అక్కడ ఆ అక్షరం పలకదమ్మా.”

“మరెందుకు రాశారండీ?”

“నేను చింతలపూడిలో చదువుకునేటప్పుడు మా మేష్టారిని అదే అడిగానమ్మా” అన్నారు ఆయన. “ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.” అని పెన్ను జేబులో పెట్టేసుకుని నవ్వడం మొదలుపెట్టారు. బట్టీ కాదని ఆయనకి అర్థమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

గంపని మళ్ళీ మధ్యలోకి తెప్పించి, మీరు రోజూ ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి అన్నారు. పిల్లలు చటుక్కున ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఆయన గంప చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నేను పీట మీద కూర్చుని, ఎదురుగా తలకిందుల ఆవుకేసి వంగి ఉన్న పిల్లని చూసి, ఇన్నాళ్ళూ నా వైపుకి తిన్నగా కనబడిన ఆ ముత్యాల పలకని తలుచుకున్నాను.

“బొమ్మ తలకిందులుగా ఉందని తెలియలేదా అమ్మా?” అన్నాను నీరసంగా.

“తెలిసిందండీ. బొమ్మ మీరు చూడ్డానికని మీ వైపు పెట్టారనుకున్నానండీ. అక్షరాలది అలా కాదు కదండీ. మన అక్షరాలకైతే నెత్తిన తలకట్టుంటుంది, కింద ఒత్తుంటుంది, తల ఎటో తెలిసిపోద్ది. వీటికి తలకట్టు లేదని మీరే అన్నారు కదండీ. తల లేకపోతే ఎటు నుంచైనా ఒకటేననుకున్నానండీ.”

ఇన్‌స్పెక్టరుగారు గంపకి ఆ పక్కన, పిల్ల పక్కన గొంతుకూర్చుని ఆవు పాఠాన్ని తలకిందులుగా చదవబోయారు. రెండో మాట దగ్గర ఆగిపోయి, నా వల్ల కాదమ్మా అని లేచారు. పిల్లలందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. తెలుగు అక్షరాల్ని వాళ్ళు చెయ్యి పట్టించుకుని దిద్దారు, కాబట్టి అవి చేతిలోంచి వచ్చాయి, తల ఎటో చేతికి తెలుసు. ఇంగ్లీషువి ఒక్క పుస్తకంలోంచి కంటికి వచ్చాయి. కన్ను ఎక్కడుంటే అక్కణ్ణించి చూసింది. పక్కనున్నవాళ్ళు పక్కనుంచి, ఎదుట ఉన్నది ఎదుట నుంచి.

దోనె ఎక్కబోతూ ఆయన నాతో చెప్పారు. “చదవడం వచ్చింది. పట్టుకోవడం రాలేదు. పుస్తకాల్లేక వచ్చిన తిప్పలని రాస్తాను. పైవాళ్ళేమంటారో నేను చెప్పలేను.” పిల్ల తండ్రి విన్నాడు. గెడ వేశాడు.

ఆ తర్వాత రోజులు నాకు అన్నం సయించలేదు. మర్నాడు పిల్లలందరి చేతా ప్రతి పేజీకీ పైన, నడిమధ్యలో, పెన్సిలుతో ఒక తలకట్టు పెట్టించాను. తలకట్టు ఎటుంటే అటు తల అని చెప్పాను. ఇంగ్లీషు వాచకానికి తెలుగు తలకట్టు. పిల్లలకి ఇది బాగా నచ్చింది, అట్టకి కూడా పెట్టారు. మెడ వాల్చే కుర్రాళ్ళకి కొద్దిరోజులు పట్టింది. ఆ అమ్మాయికే ఎక్కువ కష్టమైంది. కన్ను ఇటు, చెయ్యి అటు లాగేవి. తిన్నగా ఉన్న పుస్తకంతో కుస్తీ పట్టి, అలిసిపోయి, ఒక్కసారి తిప్పుకోనివ్వరా అండీ అని బతిమాలేది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పట్టుదల పిల్ల, నేర్చేసుకుంది. సంతోషించాను గానీ, ఆర్డరు రాకపోతే ఈ కష్టమంతా వలలు అల్లుకోడానికా అని గుండె పీకేది.

ఆర్డరు వచ్చింది. ఆరో తరగతి మంజూరు, పుస్తకాలూ నల్లబల్లా పంపుతామని. సాయంత్రం స్కూలు వదిలాక పెద్ద మేష్టారు కాయితం నా చేతిలో పెట్టి, నువ్వే వెళ్ళి చెప్పిరా అన్నారు. నేను దాన్ని జేబులో పెట్టుకుని దాదాపు పరిగెత్తాను.

ఇంకా వెలుగుంది. ఇంటి ముందు బోర్లించిన దోనె మీద పుస్తకం ఉంది. దానికి ఒకవైపు తండ్రి గొంతుకూర్చున్నాడు, ఎదురుగా పిల్ల. పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరమే చెబుతోంది, తండ్రి పెదవులు కదుపుతూ అంటున్నాడు. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. నేను పుస్తకం కేసి చూశాను. పిల్ల మళ్ళీ తలకిందులుగా చదువుతోంది. నాకు కోపం వచ్చింది.

“మళ్ళీ మొదటికొచ్చావా?” అన్నాను. “తలకట్టు ఎటుంది? చూసుకోవా?”

పిల్ల తలెత్తింది. “నా వైపుందండీ. నాకెటున్నా వచ్చేసింది కదండీ. నాన్నకి తిన్నగా ఉండాలని తిప్పానండీ.”

నేను ఇంత చదువుకుని, ట్రైనింగ్ అయి, నా పీట మీద నేను కూర్చుని, పుస్తకం నా వైపుకే తిన్నగా పెట్టుకున్నాను. ఆ పిల్ల ఎదుటివాడి వైపు పెట్టింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. జేబులోంచి కాయితం తీసి, “ఏవండీ, ఆరో తరగతి...” అని మొదలుపెట్టాను.

తండ్రి తలెత్తలేదు. చదువుతున్న చోటు పోకుండా వేలు గట్టిగా అదిమిపట్టి, రెండో చెయ్యి నాకేసి ఎత్తాడు.

“ఒక్క నిమిషం ఉండండి మేష్టారూ” అన్నాడు. “ఈ వరస అయిపోనివ్వండి.”